నెల్లూరు పిల్ల, నైలు పిల్ల

కరోనా ఆంక్షలు తొలగి మా గ్రంథాలయం పూర్తిగా తెరుచుకున్న మరుసటి ఏడాది, ఫిబ్రవరిలో, నన్ను ఒక ప్రదర్శన పనికి కేటాయించారు. మెల్‌బోర్న్‌లో ఉన్న ఆ గ్రంథాలయం పేరు ఇక్కడ అవసరం లేదు. అప్పటికి నేను అందులో సీనియర్ పేపర్ కన్సర్వేటర్‌ని. పాత కాగితం చెడిపోకుండా చూడడం, చెడిపోయినదాన్ని వీలైనంతవరకు బాగుచేయడం, ఏ వస్తువైనా బయట ప్రదర్శనకు వెళ్ళే ముందు దాని స్థితి ఏమిటో రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. గూడూరులో పుట్టి, తిరుపతిలో రసాయనశాస్త్రం చదివిన మనిషివి ఈ పనిలోకి ఎలా వచ్చావని మనవాళ్ళు అడుగుతూ ఉంటారు. కాగితం, సిరా, జిగురు మూడూ రసాయనాలే. ఆస్ట్రేలియాకు వచ్చాక ఆ శిక్షణ తీసుకున్నాను, రిటైరయ్యేదాకా అదే పనిలో ఉన్నాను.

ప్రదర్శన పందొమ్మిదో శతాబ్దపు అమెరికా పిల్లల పత్రికల గురించి. విక్టోరియా రాష్ట్రంలో గొర్రెల మందలు పెంచుకునే ఒక కుటుంబం వాటిని మాకు ఇచ్చింది. ఆ ఇంటికి పూర్వం అమెరికా నుంచి కోడలొకామె వచ్చిందట. ఆమె పుట్టింటివాళ్ళు ఓడల మీద పంపించిన పత్రికలు పెట్టెల్లో అలాగే ఉండిపోయాయి. పశ్చిమ విక్టోరియా పొడిగాలి వాటికి మేలే చేసింది. పాతవాటి కాగితం గుడ్డపీలికలతో చేసింది కనుక ఇంకా మెత్తగా, గట్టిగా ఉంది. తరువాతి కాలంవి కలపగుజ్జు కాగితం. అవి గోధుమరంగుకు తిరిగి, పేజీ మూల వంచితే అప్పడంలా విరిగేవి. వయసులో చిన్నవే ముందు ముసలివైపోవడం మా వృత్తిలో రోజూ చూసేదే.

ఆ పత్రికల సంగతి కొంత చెప్పాలి. మొదటి తరం పత్రికల్లో బొమ్మలు తక్కువ, నీతి ఎక్కువ. అబద్ధమాడిన పిల్లవాడికి జబ్బు చేయనిదే కథ ముగిసేది కాదు. శతాబ్దం చివరికి వచ్చేసరికి మంచి చిత్రకారులతో బొమ్మలు వేయించి, పిల్లల్ని నవ్వించడం కూడా తమ పనేనని నమ్మిన సంపాదకులు వచ్చారు. ఈ రెంటి మధ్యలో చర్చిలూ మిషన్ సంఘాలూ నడిపిన చిన్న పత్రికలు బోలెడు ఉండేవి. చాలావాటిని ఒక్క మనిషే నడిపేవారు, అదీ తరచుగా ఆడమనిషి. కవర్ మీద ఆమె పేరు ఉండేది కాదు. పిల్లలకు ఆమె ఫలానా ‘ఆంటీ’. మన పాత రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపే అక్కయ్య, అన్నయ్య ఉండేవారు కదా, అలాంటిదే. ఆ ఆంటీయే సగం పత్రిక రకరకాల పేర్లతో తానే రాసేది, పిల్లల ఉత్తరాలకు జవాబులిచ్చేది, దూరదేశాల్లోని మిషనరీల భార్యలు పంపిన కబుర్లను కథనాలుగా దిద్దేది. కొత్త బొమ్మ చెక్కించే స్తోమత ఉండేది కాదు కనుక అచ్చాఫీసుల నుంచి పాత బొమ్మల అచ్చుదిమ్మెలు కొనేది. కథకు బొమ్మ దొరక్కపోతే, దొరికిన బొమ్మకు కథ రాసేది. నెల తిరిగేసరికి సంచిక బయటికి రావాలి మరి.

మా ప్రదర్శనకు అధిపతి, క్యురేటర్ జిల్. మా సంస్థలో పద్ధతి ఏమిటంటే, ఏ వస్తువు పెట్టాలో, దాని పక్కన ఏం రాయాలో నిర్ణయించే అధికారం క్యురేటర్‌ది. కన్సర్వేటర్ ఆ వస్తువు భౌతికస్థితి గురించి మాత్రమే మాట్లాడాలి. ఈ హద్దు మంచిదే. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకుండా చాలా గొడవలు తప్పుతాయి. జిల్ నాకంటే పదేళ్ళు చిన్నది. ఓపికగా పనిచేస్తుంది, ఇతరులు చెప్పేది వింటుంది. ఈ ప్రదర్శనకు అనుమతి సంపాదించడానికి ఆమె చాలా కష్టపడింది. అమెరికా పిల్లల పత్రికలకూ మెల్‌బోర్న్ జనానికీ ఏమిటి సంబంధమని పైవాళ్ళు అడిగారు. దానికి ఆమె చూపించిన జవాబు ఒక బొమ్మ.

ఒక మిషన్ పత్రికలో పేజీ నిండా వేసిన చెక్కుడు బొమ్మ అది. పన్నెండేళ్ళ అమ్మాయి, తలమీద ముసుగు, భుజం మీద నీళ్ళ పాత్ర, వెనక నది. కింద ఇంగ్లీషులో ‘తెలుగు బాలిక, నెల్లూరు సమీపం’ అని ఉంది. ఈ రోజు మెల్‌బోర్న్ ఆగ్నేయపు శివార్లలో ఏ వీధిలో చూసినా తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అంతకంటే మంచి వంతెన ఏముంటుందని జిల్ అడిగితే పైవాళ్ళు ఒప్పుకున్నారు. పోస్టరు మీద ఆ బొమ్మే. ఆహ్వానం మీదా అదే.

ఆ శివార్లలోనే క్లైడ్ నార్త్‌లో ఉన్న తెలుగువాళ్ళ సంఘానికి అప్పట్లో అధ్యక్షులు రావుగారు. డెబ్బై దాటిన ఇంజనీరు, నెల్లూరు మనిషి. పిల్లలందరికీ రావంకుల్. జిల్ ఆయనకు ఆ బొమ్మ పంపితే ఆయన ఆనందం పట్టలేకపోయారు. వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టారు. ప్రారంభోత్సవానికి సంఘం తరఫున అందరం వస్తామన్నారు. నాకు ఫోన్ చేసి, “చూసినావా అమ్మా, మన నెల్లూరు పిల్ల. అమెరికావోళ్ళ పేపర్లో, ఆ కాలంలోనే. నువ్వు అక్కడే ఉండి మాకు ఒక్క ముక్క చెప్పలేదు” అని నిష్టూరమాడారు. ఆ సంచిక ఇంకా నా బల్ల మీదికి రాలేదని చెప్పాను.

ఆ తరువాతి వారం వచ్చింది. ప్రదర్శనకు వెళ్ళే ప్రతి వస్తువుకూ స్థితి నివేదిక రాయాలి. కవర్ నుంచి మొదలుపెట్టి పేజీ పేజీ తిప్పుతూ చినుగులు, మరకలు, మడతలు, పురుగు తిన్న చోట్లు గుర్తించాలి. పక్కవాటు వెలుగు అని ఒక పద్ధతి ఉంది. దీపాన్ని కాగితానికి దాదాపు సమతలంగా పెడితే, మామూలుగా కనపడని ఎత్తుపల్లాలు నీడలై కనిపిస్తాయి. బొమ్మ ఉన్న పేజీని అలా చూశాను. పేజీ బాగానే ఉంది. కానీ బొమ్మ నన్ను ఆపేసింది.

ఆ అమ్మాయి భుజం మీద పాత్రకు రెండు పక్కలా పిడులున్నాయి. మెడ పొడుగు, అడుగు సన్నం. నేను పుట్టి పెరిగిన చోట నీళ్ళు మోసిన కడవలకు గానీ బిందెలకు గానీ పిడులుండవు. చంకలో ఇముడుతాయి, నెత్తిమీద కూర్చుంటాయి. నాకు నవ్వొచ్చింది మొదట. ఎక్కడో దూరాన కూర్చున్న చిత్రకారుడు బిందె ఎప్పుడూ చూసి ఉండడని అనుకున్నాను. అది తప్పుబట్టడం నా పని కూడా కాదు. ఆ తరువాత బొమ్మకు అడ్డంగా, అమ్మాయి మోచేతి కిందుగా పోతున్న వెంట్రుకంత తెల్లగీత కనిపించింది. మడతేమో అనుకుని పక్కవాటు వెలుగులో చూస్తే అక్కడ కాగితం చదునుగా ఉంది.

అది మడత కాదు, అతుకు. ఆ కాలపు బొమ్మలు గట్టి చెక్కదిమ్మెల మీద చెక్కేవారు. ఆ చెక్కనిచ్చే చెట్టు సన్నగా పెరుగుతుంది కనుక పెద్ద దిమ్మె దొరకదు. చిన్నవాటిని మరలతో కలిపి బిగించేవారు. కలిసిన చోట సన్నని తెల్లగీత అచ్చులో పడుతుంది. దాని నుంచి రాగి పూతతో నకళ్ళు పోసి ఊళ్ళకూ దేశాలకూ అమ్మేవారు. నకళ్ళన్నిటిలో ఆ గీత అదే చోట ఉంటుంది. మనిషి ఒంటి మీద మచ్చలాంటిది.

ఆ మచ్చను నేను అంతకు ముందే చూశాను. కిందటి చలికాలంలో ఇదే సేకరణలోని వేరే పత్రికకు చిరిగిన అంచు అతికినప్పుడు, ఇలాగే ఒక గీతను మడత అనుకుని పరీక్షించిన గుర్తు. పెట్టె తెప్పించాను. అది పిల్లలకు భూగోళం నేర్పే పత్రిక. అందులో అదే అమ్మాయి, అదే పాత్ర, మోచేతి కింద అదే గీత. కింద ‘నైలు నది ఒడ్డున’ అని ఉంది. నది వెనక ఒక పిరమిడ్ ఉంది.

రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను. నెల్లూరు బొమ్మలో పిరమిడ్ ఉండాల్సిన చోట తెల్లని ఆకాశం. ఆ తెలుపు అడుగున మాత్రం, చెరిపినవాడి ఉలి తప్పించుకున్న కొన్ని వాలు గీతలు మిగిలిపోయాయి. అచ్చుదిమ్మె మీద ఉన్న గీతను గీకేయడం తేలిక. లేనిదాన్ని తిరిగి నిలబెట్టడం దాదాపు అసాధ్యం. కాబట్టి పిరమిడ్ ఉన్నదే ముందుది. ఎవరో దిమ్మె కొని, పిరమిడ్ గీకించి, కింద నెల్లూరు అని అచ్చువేయించారు.

నిజం చెప్పాలంటే ఆ రోజు మధ్యాహ్నం నాకు చాలా సంతోషం వేసింది. అలాంటి నిరూపణ చేతికి దొరకడం మా వృత్తిలో అరుదు. రావుగారి మొహం గుర్తొచ్చాక ఆ సంతోషం కాస్త తగ్గింది.

జిల్‌ను పిలిచి, ఏమీ చెప్పకుండా రెండు పేజీలూ చూపించాను. ఆమె చాలాసేపు వంగి చూసి, కుర్చీలో కూర్చుంది. పోస్టరు అచ్చుకు వెళ్ళిపోయిందని అంది. తరువాత, “ఎంత ఖాయం?” అని అడిగింది.

“రెండూ ఒకే దిమ్మె నుంచి వచ్చాయన్నది ఖాయం. పిరమిడ్ తరువాత తీసేశారన్నది ఖాయం. అమ్మాయి ఎవరన్నది నాకు తెలియదు” అన్నాను.

“ఈజిప్టు అమ్మాయి అని రాయొచ్చు కదా?”

“రాయకూడదు. ఆ పత్రికవాళ్ళు కూడా ఎక్కడినుంచి కొన్నారో మనకు తెలియదు.”

ఆమె కొన్ని దారులు ఆలోచించింది. బొమ్మను మొత్తంగా తీసేయడం ఒకటి. కింది మాటలను కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ‘అచ్చులో ఉన్నట్టుగా’ అని చిన్నక్షరాలతో రాసి వదిలేయడం ఇంకొకటి. రెండోది చాలామంది చేసేదే, అందులో అబద్ధం కూడా లేదు. లేబుల్ మీద నాకు అధికారం లేదని నాకు తెలుసు. నా అధికారంలో ఉన్నది నివేదిక. అందులో రెండు అచ్చుల పోలిక, అతుకు గీత, గీకిన జాడ వివరంగా రాస్తాననీ, అది ఎవరు అడిగినా చూడగలిగే పత్రమనీ చెప్పాను. రెండిటినీ పక్కపక్కన పెడితే సంపాదకులు ఎలా పనిచేసేవారో జనానికి ఒక్క చూపులో తెలుస్తుందని కూడా అన్నాను. అది నా హద్దు దాటిన మాటే. జిల్ తప్పుపట్టలేదు. రెండు రోజులు ఆలోచించుకుని, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టడానికే నిశ్చయించి, పోస్టరూ ఆహ్వానమూ ఆపించింది. ఆ నిర్ణయం వల్ల పైవాళ్ళ దగ్గర ఆమె మాటలు పడాల్సి వచ్చింది. ఆ మాటల్లో నా పేరు రానివ్వలేదు.

రావుగారికి చెప్పడం మాత్రం నేనే తీసుకున్నాను. ఫోన్‌లో అంతా విని ఆయన అన్నారు:

“బొమ్మ కింద తెలుగు అని అచ్చులో ఉండాది గదమ్మా. ఇంకేం కావాల? ఇక్కడ ఎవరడగబోతారు?”

“నేను అడిగాను కదండీ.”

“నువ్వు మనదానివి. నువ్వే ఇట్టా అంటే ఎట్టా? మా మనవరాలు స్కూల్లో చూపించుకొచ్చిందమ్మా, మా తాతా వాళ్ళ ఊరి పిల్ల అని.”

ఆ మాట నన్ను గుచ్చింది. అయినా వెనక్కి తగ్గలేదు. నేనే వచ్చి సంఘంలో చెబుతాను, నాకు అరగంట ఇప్పించండి అని అడిగాను. సరే అన్నారు, ఇష్టం లేకుండానే.

ఈ లోపు నా నివేదిక ఇంకా పూర్తి కాలేదు. బొమ్మ దగ్గర ఆగిపోయాను గానీ మిగతా పేజీలు ఉన్నాయి కదా. వాటిని తిప్పుతూ, బొమ్మ వెనకవైపు మొదలై రెండు పేజీలు నడిచిన కథనాన్ని చదివాను. మా ఉద్యోగంలో చదవడం తప్పనిసరి కాదు. మరకలు చూడడానికి మాటలు అర్థం కానక్కర్లేదు. కానీ అది నెల్లూరులో ఉంటున్న ఒక మిషనరీ ఇల్లాలు పంపిన సమాచారం. మొదటి పేరాలు ఎప్పటిలా ఉన్నాయి: ఎండలు, విగ్రహాలు, పాపం ఈ పిల్లలు అన్న ధోరణి. అవి చదువుతుంటే మనసు చివుక్కుమంది. తరువాత ఆమె తన వసారాలో పిల్లలు ఆడుకునే ఒక ఆట గురించి రాసింది. అక్కడినుంచి ఆమె గొంతే మారిపోయింది. ఆట పేరు సరిగా పలకలేక ఏదో రాసుకుంది. ఆట మాత్రం ఎంత జాగ్రత్తగా చూసిందో! మరిన్ని విషయాలు తెలుసుకోవడానికి తాను కూడా వాళ్ళతో కూర్చుని ఆడిందట, ఓడిపోయిందట.

ఆదివారం సాయంత్రం క్లైడ్ నార్త్ కమ్యూనిటీ హాలుకు వెళ్ళాను. జిల్ కూడా వస్తానంది. హాలు నిండుగా ఉంది. రెండు బొమ్మలనూ తెర మీద పక్కపక్కన వేసి, అతుకు గీత, పిరమిడ్ గీకిన జాడ చూపించాను. కొందరు నవ్వారు. ఒకతను లేచి, “అంటే వాళ్ళకి మనమూ ఈజిప్టోళ్ళూ ఒకటే. అలాంటి మ్యాగజైన్ మనకెందుకండీ, లెట్స్ జస్ట్ పుల్ అవుట్” అన్నాడు. కొందరు తలలూపారు. రావుగారు ముందువరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు, నావైపు చూడలేదు.

అప్పుడు ఆ కథనంలోని భాగాన్ని నేను తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. నేల మీద ఎదురెదురుగా రెండు వరసల గుంటలు తవ్వుకుంటారు, ఒక్కో వరసలో ఏడు. నల్లగా మెరిసే గింజలు అన్ని గుంటల్లోనూ పోస్తారు. ఒక గుంటలోవి తీసి, ఒక్కోటీ వేసుకుంటూ వెళతారు. చేతిలోవి అయిపోయాక ఖాళీ గుంట ఎదురైతే దాన్ని వేలితో తుడిచి...

“పక్క గుంటలోవి ఎత్తుకోవాల” అన్నారు రావుగారి భార్య సుశీలమ్మగారు. వెనక వరసల్లో ఆడవాళ్ళు అప్పటికే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. “వామనగుంటలు గదా అది. తుడవడం కూడా రాసిందా ఆమె?” అని సుశీలమ్మగారు అడిగారు.

“రాసిందండీ.”

“అయితే ఆమె ఆడిందే. చూసినోళ్ళకి తుడవడం గుర్తుండదు” అన్నారామె. తరువాత భర్త వైపు తిరిగి, “మన గరాజ్‌లో పీట ఉండాది. మా అమ్మ ఇచ్చింది. పుల్ అవుట్ ఏంది, అది తెచ్చిపెడతాం” అన్నారు.

హాల్లో మాటలు పెరిగాయి. ప్రదర్శన నుంచి తప్పుకుందామన్నతను కూడా వాళ్ళ నాయనమ్మ ఈ ఆటలో ఎలా మోసం చేసేదో చెప్పడం మొదలుపెట్టాడు. జిల్‌కు తెలుగు రాదు. ఏమైందని నన్ను అడిగింది. ఈ ఆట వీళ్ళు చిన్నప్పుడు ఆడిందేనని, ఆ పేజీ తమదిగా తెలిసినవాళ్ళు దాన్ని చదవడం ఇదే మొదటిసారని చెప్పాను. రావుగారు వెళ్ళేటప్పుడు మా దగ్గరికి వచ్చి, పీట ఎప్పుడు తెమ్మంటారని మాత్రం అడిగారు. బొమ్మ మాట ఎత్తలేదు.

పీట వచ్చింది. పనసచెక్క, రెండు రెక్కలుగా మడిచే రకం, ఒక మూల చిన్న బీట. అమెరికా పత్రికకు రాసినంత శ్రద్ధగానే దానికీ స్థితి నివేదిక రాశాను, అరువు పత్రం మీద సుశీలమ్మగారి సంతకం తీసుకున్నాను. ఆటకోసం పీటతోపాటు ఇచ్చిన చింతపిక్కలతో చిక్కు వచ్చింది. గింజలంటే వాటిలో పురుగు ఉండొచ్చు, కాగితం ఉన్న గదిలోకి పురుగును రానివ్వకూడదు. అందుకని బయటినుంచి వచ్చే అలాంటి వస్తువులను సంచిలో మూసి బాగా చల్లని పెట్టెలో కొన్నాళ్ళు ఉంచుతాం. ఆమెకు ఇది వివరిస్తే, “చింతపిక్కల్ని ఫ్రీజర్లో పెట్టే ఉద్యోగానికా తల్లీ నువ్వు అంత చదివింది” అన్నారు. అవునన్నాను.

ప్రదర్శన ఇక్కడి శీతాకాలంలో, ఏడాది నడుమ తెరిచారు. గాజుపెట్టెలో రెండు బొమ్మలూ పక్కపక్కన ఉన్నాయి. వాటి ముందు కథనం ఉన్న సంచికకు సేకరణలోనే దొరికిన మరో ప్రతి, ఆట వర్ణన ఉన్న పేజీ దగ్గర తెరిచి, పక్కనే పీట. జిల్ రాసిన లేబుల్ పొట్టిగా ఉంది: బొమ్మ మరో పత్రికలో వేరే పేరుతో వచ్చింది, అమ్మాయి ఎవరో తెలియదు, ఆట తెలుగువారిది. సంపాదకురాలిని ఆమె దోషిగా నిలబెట్టలేదు, నాకు అది నచ్చింది. ఆ ఆంటీ ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. పాత దిమ్మె కొని, ఉన్న గుర్తు గీకించి, పాఠకులకు అబద్ధం చూపించింది, నిజమే. అదే చేత్తో, రెండు పేజీల ఆట వర్ణనను ఒక్క నియమం కూడా కత్తిరించకుండా అచ్చువేసింది. చదివిన పిల్లలు గుంటలు తవ్వుకుని ఆడగలిగేలా వేసింది. చోటు కోసం ప్రతి వాక్యాన్నీ కోసుకునే సంపాదకులకు అది చిన్న నిర్ణయం కాదు.

గ్యాలరీ బయట వరండాలో సుశీలమ్మగారూ మరికొందరూ ఇంకో పీట పెట్టి, వచ్చినవాళ్ళకు ఆట నేర్పారు. రావుగారి మనవరాలు తాతను గాజుపెట్టె దగ్గరికి తీసుకెళ్ళి, “తాతా, లుక్, దే మిస్డ్ ఎ బిట్” అని పిరమిడ్ మిగిలిన చోటు చూపించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు. ఆ తరువాత తన చుట్టూ ఉన్నవాళ్ళకు ఆ గీతలు తానే చూపిస్తూ నిలబడ్డారు. అతుకు గురించి చెప్పేటప్పుడు నేను హాల్లో వాడిన మాటలే వాడారు, కొంచెం ఇంజనీరు మెరుగు పెట్టి. నేను పక్కనుంచి విన్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో నా పని గురించి మరొకరు అంత సరిగ్గా చెప్పడం అదే మొదటిసారి విన్నాను. గర్వంగా అనిపించింది, దాచుకోవలసిన అవసరమూ కనపడలేదు.

తరువాతి సంవత్సరాల్లో నా దగ్గర శిక్షణకు వచ్చినవాళ్ళకు ఈ రెండు అచ్చులూ చూపించి పాఠం చెప్పాను. బొమ్మ కింద రాసి ఉన్నది బొమ్మకు సాక్ష్యం కాదు. ఆ రాసినది మనకు ఇష్టమైనదైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. రుజువైనంతవరకే నివేదికలో రాయాలి, తెలియనిది తెలియదని రాయాలి. ఒక పేజీ తప్పని తేలినంత మాత్రాన సంచిక మూసేయకూడదు, మిగతా పేజీలు కూడా చదవాలి.